ఏటీపీ పెడితే ఏడీపీ దొరికింది! మూడో ఫాస్ఫేటు ఎక్కడికి పోయింది?

పటమట_పిల్ల
ఆదివారం, రాత్రి 9:42

నమస్కారమండీ. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, ఆఖరి సెమిస్టర్. వచ్చే శుక్రవారం నాది సెమినార్. టాపిక్ ఎవరూ అంటగట్టలేదు, నేనే ఏరికోరి తెచ్చుకున్నా. ఇప్పుడు రోజూ నంబూరు బస్సులో వెళ్తూ వస్తూ దాని గురించే దిగులు పడుతున్నా.

సంగతి ఇదీ. 2001లో బోస్టన్‌లో ఆంథొనీ కీఫ్, జాక్ షోస్టాక్ కలిసి ప్రకృతిలో ఎక్కడా లేని ప్రోటీన్లు తయారుచేశారు. డిజైన్ అంటూ ఏమీ లేదు. వరసగా 80 అమైనో ఆమ్లాలు, ఏ చోట ఏది పడితే అది. అలాంటివి 6 లక్షల కోట్ల రకాలు. ఆ గుంపులోంచి ఏటీపీని (కణాలకి శక్తినిచ్చే అణువు, మూడు ఫాస్ఫేట్ల తోక ఉంటుంది) పట్టుకోగలిగినవాటిని వడగడుతూ పోతే చివరికి నాలుగు కుటుంబాలు మిగిలాయి. వాటిలో వాటికే పోలిక లేదు, జీవుల్లో అప్పటికి తెలిసిన ఏ ప్రోటీన్‌తోనూ పోలిక లేదు. అందులో ఒక కుటుంబం ప్రోటీన్ స్ఫటిక నిర్మాణం 2004లో బయటికొచ్చింది. దాని గుంటలో ఏడీపీ (చివరి ఫాస్ఫేటు ఊడిన ఏటీపీ) ఉంది, మడతని పట్టి ఉంచుతూ ఒక జింకు అయాను ఉంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. 2009లో జాన్ చాపుట్ బృందం రాసిన పేపరు దగ్గరే నా బుర్ర తిరిగింది. ప్రోటీన్‌కి సరిసమానంగా ఏటీపీ కలిపి స్ఫటికాలు పెంచారు. ఎక్స్‌రేలు పెట్టి చూస్తే లోపల ఉన్నది ఏడీపీ! ఈ ప్రోటీన్‌ని ఎంపిక చేసిందే ఏటీపీని పట్టుకోవడానికి. కొయ్యమని ఎవరూ చెప్పలేదు. అయినా కోసింది.

మా సార్ తప్పకుండా అడుగుతారు, "ఏటీపీ దానంతటదే విరిగిపోయి ఉండొచ్చుగా?" అని. ఏం చెప్పాలి?

బ్రాడీపేట_మాస్టారు
ఆదివారం, రాత్రి 10:20

అమ్మాయ్, నేను ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. స్ఫటికం అంటే నాకు తెలిసింది మైలుతుత్తం. బీకరులో చిక్కటి ద్రావణం పోసి, దారానికి చిన్న పలుకు కట్టి వేలాడదీస్తే నాలుగు రోజులకి నీలంగా, కోణాలు తీరి పెరిగేది. పిల్లలు పోటీలు పడేవాళ్ళు.

అలాంటి గట్టి వస్తువులో అణువులు కదలకుండా వరసలు కట్టి కూర్చుంటాయి గదా. అక్కడ రసాయన చర్య ఎలా జరుగుతుంది? పైగా ఏటీపీ విరగాలంటే నీళ్ళు కావాలి. రాయిలో నీళ్ళెక్కడివి? (మైలుతుత్తంలో అయిదు నీటి అణువులుంటాయని నాకూ తెలుసు, ఎవరూ ఎత్తిపొడవొద్దు.)

హ్యాంగింగ్_డ్రాప్
ఆదివారం, రాత్రి 11:48

మాస్టారూ, మీ ఇంటర్ పాఠాలు విన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి అయ్యుండొచ్చు, గుంటూరులోనే చదివాను. ఇప్పుడు నా పనే ప్రోటీన్ స్ఫటికాలు పెంచడం కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా.

ప్రోటీన్ స్ఫటికం రాయి కాదండీ, జున్నుముక్క. సూదితో తాకితే చితికిపోతుంది. దాని ఘనపరిమాణంలో దాదాపు సగం నీళ్ళే. ప్రోటీన్ అణువులు ఒకదాన్నొకటి అక్కడక్కడ మాత్రమే ఆనుకుని నిలబడతాయి, మధ్యలో సందులుంటాయి. బెజవాడని మూడు కాలువలు కోసుకుంటూ పోవడంలా, ఆ సందుల్లో నీళ్ళు పారుతుంటాయి. చిన్న అణువుల్ని ఆ నీళ్ళలో కలిపితే స్ఫటికం లోపలిదాకా నడిచి వెళ్ళి గుంటలో కూర్చుంటాయి కూడా. సహజమైన ఎంజైములు చాలావాటికి స్ఫటికంలో ఉండగానే పనిచేసే శక్తి ఉంటుంది.

పెంచే పద్ధతి మీ దారం పద్ధతికి దూరపు చుట్టమే. పల్చటి గాజు పలక మీద ఒకటి రెండు మైక్రోలీటర్ల బొట్టు పెడతాం: సగం ప్రోటీన్, సగం ఉప్పో పీఈజీ అనే పాలిమరో ఉన్న ద్రావణం. ఆ పలకని బోర్లించి, అదే ద్రావణం ఉన్న గుంట మీద గాలి చొరకుండా మూస్తాం. కింద చిక్కదనం ఎక్కువ కాబట్టి బొట్టులో నీరు మెల్లమెల్లగా ఆవిరై దిగుతుంది. బొట్టు చిక్కబడుతుంది. అదృష్టం బాగుంటే నెయ్యి పూసకట్టినట్టు పూసకడుతుంది. బాగోకపోతే తెట్టు కట్టి ఊరుకుంటుంది. నా పీహెచ్‌డీలో ఏడాదిన్నర తెట్టు చూశాను. దాని గురించి మళ్ళీ ఎప్పుడైనా.

ఇక అమ్మాయి ప్రశ్న. "మూడో ఫాస్ఫేటు కనబడలేదు" అనే మాటకి స్ఫటికశాస్త్రంలో రెండు అర్థాలున్నాయి. నిజంగా లేకపోవడం ఒకటి. ఉండి కూడా నిలకడ లేకుండా ఊగుతూండటం రెండోది. మనకి ఎక్స్‌రేల నుంచి వచ్చేది కోటానుకోట్ల అణువుల సగటు బొమ్మ. పెళ్ళి గ్రూపు ఫోటోలో కదిలినవాడి ముఖం చెరిగిపోయినట్టు, ఊగే ఫాస్ఫేటు కూడా చెరిగిపోయి కనిపించదు. కాబట్టి మీ సార్ ఇంకా గట్టివాడైతే "విరిగిందా, ఊగుతోందా?" అని అడుగుతారు. దానికి సిద్ధంగా ఉండు.

సందేహాల_స్వామి
సోమవారం, ఉదయం 6:55

పొద్దున్నే చదివా. ఒక మాట. కృత్రిమ ప్రోటీన్ ఏదో చిన్న అణువుని పట్టుకోవడం, దానికి ఎక్స్‌రే ఫోటో తీయడం, ఇందులో అంత వింత ఏముంది? మన ఒంట్లో ప్రతి ప్రోటీనూ ఏదో ఒకదాన్ని పట్టుకునేదే. మిరపకాయ కొరికితే కారం తెలిసేది కూడా నాలుక మీద ఒక ప్రోటీన్ క్యాప్సైసిన్‌ని పట్టుకోబట్టే. గుంటూరు వాళ్ళకి ఇది ఒకళ్ళు చెప్పాలా?

హ్యాంగింగ్_డ్రాప్
సోమవారం, ఉదయం 8:10

స్వామీ, ఆ కారం ప్రోటీన్ టీఆర్‌పీవీ1. దాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ కూడా వచ్చింది. దాని నిర్మాణం 2013లో తెలిసింది గానీ స్ఫటికాలతో కాదు, క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో. కణం పొరలో కూరుకుపోయే ప్రోటీన్లు స్ఫటికం కట్టడానికి మహా మొరాయిస్తాయి.

వింత ఎక్కడుందంటే, టీఆర్‌పీవీ1 వెనక కోట్ల ఏళ్ళ పరిణామం ఉంది. ఈ బోస్టన్ ప్రోటీన్‌కి తాతా ముత్తాతా ఎవరూ లేరు. అదేదో మడత పడింది, ఏటీపీని పట్టుకుంది అని పరీక్షనాళికలో తెలుస్తోంది. కానీ అది ఎలా ఉంటుందో తయారుచేసినవాళ్ళకే తెలియదు. మన పెళ్ళిళ్ళలో జీలకర్రా బెల్లం పెట్టాక అడ్డుతెర తీస్తారు చూడండి, 2004 నాటి స్ఫటిక నిర్మాణం సరిగ్గా అది.

తెర తీశాక కనబడిన ముఖం: పక్కపక్కన పేర్చినట్టున్న మూడు పోగుల బీటా పలక, దానికి తోడు స్ప్రింగులా మెలితిరిగిన రెండు ఆల్ఫా హెలిక్సులు, నాలుగు సిస్టీన్ల (ఒక రకం అమైనో ఆమ్లం) మధ్య చిక్కుకున్న జింకు. ఆ నిర్మాణం తీసినవాళ్ళు దాన్ని కొత్త మడత అన్నారు. అదే ఏడాది కృష్ణ, గ్రిషిన్ అనే ఇద్దరు, కొత్తదేం కాదు, ప్రకృతిలో ఉన్న ట్రెబుల్ క్లెఫ్ అనే జింకు ఫింగర్ల పోలిక దీనికి ఉంది అని వాదించారు. చుట్టరికం లేకుండానే పోలిక. ఎవరిది రైటని నన్నడిగితే, నేను రెండోవాళ్ళ వైపు.

బ్రాడీపేట_మాస్టారు
సోమవారం, ఉదయం 9:30

6 లక్షల కోట్లు అంటే చాలా పెద్ద సంఖ్య అనుకుని లెక్క కట్టాను. ఒక్కో చోట 20 రకాలు, 80 చోట్లు. లాగరిథమ్ వేస్తే 80 × 1.3010 = 104.08. అంటే వీలున్న వరసలు 1 పక్కన 104 సున్నాలు. అందులో వాళ్ళు చూసింది 6 పక్కన 12 సున్నాలే. కృష్ణా నదిలోంచి చెంచాడు నీళ్ళు తీశారనడం కూడా ఎక్కువే. అంత చిన్న పిడికిలి నింపితే నాలుగు దొరికాయంటే ఆశ్చర్యంగా ఉంది.

సందేహాల_స్వామి
సోమవారం, ఉదయం 9:41

పనిచేసే ప్రోటీన్ దాదాపు పదివేల కోట్లకు ఒకటి అని ఆ పేపరు అంచనా వేసిందని చదివా. ఆ లెక్కన 6 లక్షల కోట్లలో అరవై దొరకాలి. నాలుగే ఎందుకు దొరికాయి?

పటమట_పిల్ల
సోమవారం, ఉదయం 10:05

దీనికి నేను చెప్పగలనండీ, ఇది చదివా. ఒక్కో ప్రోటీన్ చివర దాని ఎంఆర్ఎన్ఏనే (ఆ ప్రోటీన్ వరస రాసి ఉన్న పోగు) ప్యూరోమైసిన్ అనే చిన్న అణువుతో అతికిస్తారు. అందుకే ఏది పట్టుకుందో దాని వరస వెంటనే చదివేయొచ్చు, మళ్ళీ కాపీలు తీయొచ్చు. కానీ ప్రతి రౌండులో కడిగేటప్పుడు పట్టుకున్నవి కూడా కొన్ని జారిపోతాయి. మొదటి రౌండులో ఒక్కో వరసకి ఉన్నది ఒకటో రెండో కాపీలు కాబట్టి, అప్పుడు జారితే ఇక అంతే. ఈ జారుడుని కలుపుకునే ఆ అంచనా కట్టారు.

కొత్తపేట_మందులు
సోమవారం, మధ్యాహ్నం 2:15

షాపులో బేరం లేక చదువుతున్నా. నాకు అర్థమైంది చెప్తా, తప్పయితే దిద్దండి. ఈ ప్రోటీన్ ఒక తాళం, ఏటీపీ తాళంచెవి. గుడ్డిగా కోట్ల తాళాలు పోత పోసి, ఈ చెవికి పట్టేదేదో ఏరుకున్నారు. మరి అదే తెలివిగా, చెవిని ముందు పెట్టుకుని తాళం గీసుకుని చేయించలేరా? అలా అయితే మందులకి పనికొస్తయ్యి గదా.

హ్యాంగింగ్_డ్రాప్
సోమవారం, రాత్రి 9:20

చేశారండీ, రెండు కథలున్నాయి. రెండిట్లోని మందులూ మీ అరల్లో ఉంటాయి.

మొదటిది గుండె మందు డిగాక్సిన్. దాని చక్కెర ముక్కలు తీసేస్తే మిగిలేది డిగాక్సిజెనిన్. 2013లో డేవిడ్ బేకర్ బృందం దాన్ని పట్టుకునే ప్రోటీన్‌ని కంప్యూటర్‌లో గీసింది. వాళ్ళు ప్రయోగశాలలో పరీక్షించింది 17 నమూనాలు. అందులో పట్టుకున్నవి రెండు. వాటిలో మెరుగైనదాన్ని తీసుకుని మార్పులు చేస్తూ సాన పెడితే పికోమోలార్ పట్టు, అంటే మహా గట్టి పట్టు వచ్చింది. స్ఫటిక నిర్మాణం తీసి కంప్యూటర్ బొమ్మ మీద పెడితే అణువు అణువుకీ సరిపోయింది. మూడు టైరోసిన్లు (ఇవీ అమైనో ఆమ్లాలే) మందుని హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. ఆ బంధాల వల్లే అది డిగాక్సిజెనిన్‌ని ప్రొజెస్టిరాన్ లాంటి వేరే స్టెరాయిడ్లతో కలగాపులగం చేసుకోదు. కాకపోతే ఇక్కడ గుంట మాత్రమే కొత్తది, చట్రం మాత్రం ఒక బ్యాక్టీరియా ప్రోటీన్ నుంచి అరువు తెచ్చుకున్నది.

రెండోది అపిక్సబాన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. 2020లో పోలిజ్జి, డిగ్రాడో ఇద్దరూ చట్రం కూడా మొదటినుంచీ తామే కట్టారు, నాలుగు హెలిక్సుల కట్ట. పరీక్షించింది ఆరు నమూనాలే, అందులో రెండు పట్టుకున్నాయి. దాన్నీ స్ఫటికంతో సరిచూశారు.

ఇందులో ఒక తేడా ఉంది. బేకర్ గారి స్ఫటికం జవాబుపత్రం దిద్దడం లాంటిది: ముందు రాసుకున్న జవాబు సరిపోయిందా లేదా? షోస్టాక్ ప్రోటీన్‌కి అసలు జవాబే రాయలేదు. చెప్పొద్దూ, నాకు రెండోరకమే ఎక్కువ ఇష్టం. ఊహించింది వస్తే తృప్తి. ఊహించనిది వస్తే నిద్ర పట్టదు. (బేకర్ గారికి ప్రోటీన్ డిజైన్‌కే 2024లో రసాయన నోబెల్ వచ్చింది. షోస్టాక్ గారికి 2009లో వచ్చిన నోబెల్ టెలోమియర్లకి (క్రోమోజోముల కొసలు), ఈ పనికి కాదు. సెమినార్లో కలిపేయకమ్మా.)

కొత్తపేట_మందులు
సోమవారం, రాత్రి 9:50

డిగాక్సిన్ పేరు ఎత్తారు గాబట్టి ఒక ముచ్చట. చాలామంది డాక్టర్లు దాన్ని వారానికి అయిదు రోజులే రాస్తారు. కొంచెం హెచ్చినా ప్రమాదం. ఆ మధ్య ఒక పెద్దాయన వచ్చి "ఏందబ్బాయ్, ట్యూబులైట్లన్నీ పసుప్పచ్చగా అవుపిస్తన్నయ్యి" అన్నాడు. చీటీ చూస్తే డిగాక్సిన్. రోజూ వేసుకుంటన్నాడంట, ఆదివారాలు కూడా. కుర్చీలో కూర్చోబెట్టి వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి డాక్టరు దగ్గరికి పంపించా. విషం ఎక్కితే గొర్రెల్లో తయారుచేసిన యాంటీబాడీ ముక్కలు ఇస్తారని చదివా గానీ, నేను ఎప్పుడూ కంటితో చూళ్ళేదు. గొర్రె లేకుండా, కంప్యూటర్లో గీసిన ప్రోటీన్‌తో ఆ పని జరిగే రోజు వస్తే బాగుంటది.

కువెట్_కృష్ణలంక
మంగళవారం, ఉదయం 7:30

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఈ చర్చ అంతా చదివి ఒకటి అడగాలనిపించింది. ఫాస్ఫేటు ఊడిందా లేదా అని తెలుసుకోవడానికి ఇంత రాద్ధాంతం ఎందుకండీ? ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఉందిగా! అమ్మోనియం మాలిబ్డేట్ పోసి, క్షయకరణి కలిపితే ఊడిన ఫాస్ఫేటు నీలం రంగు ఇస్తుంది, 660 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగు తీసుకోవడమే. డీఎమ్మెల్టీలో మాకు నేర్పింది అదే. ఇప్పుడు ఎనలైజర్లు వచ్చి 340 దగ్గరే చదివేస్తున్నాయి, నీలం రంగు చూసి చాన్నాళ్ళయింది.

ఆ సుబ్బారావు ఎవరో కాదు, మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారే.

సందేహాల_స్వామి
మంగళవారం, ఉదయం 7:44

వచ్చారు! నేను నిన్నటి నుంచీ ఎదురుచూస్తున్నా, యల్లాప్రగడ వారు ఇంకా రాలేదేమిటా అని. తెలుగువాళ్ళు మూడు పోస్టుల్లోపు ఆయన్ని లాక్కురాని సైన్సు చర్చ ఒక్కటి చూపించండి.

బ్రాడీపేట_మాస్టారు
మంగళవారం, ఉదయం 8:25

స్వామీ, ఈసారి మాత్రం లాక్కురాలేదు, ఆయన ఇంట్లోకే మనం వెళ్ళాం. ఏటీపీని మొదట బయటికి తీసినవాళ్ళే ఆయనా, ఫిస్కే గారూ. 1929, హార్వర్డ్ వైద్య కళాశాల, బోస్టన్. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. ఫాస్ఫరస్ కొలిచే ఆ నీలం రంగు పద్ధతి 1925 నాటిది. కండరంలో ఫాస్ఫేటుని కొలిచీ కొలిచీ, లెక్క తేలని ఫాస్ఫేటు ఏదో మిగిలిందని వెంటపడితేనే ముందు ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత ఏటీపీ దొరికాయి. సరిగ్గా 72 ఏళ్ళకి అదే ఊళ్ళో ఆ ఏటీపీని పట్టుకునే కృత్రిమ ప్రోటీన్ని ఏరారు. ఈ అమ్మాయి అడుగుతున్నదీ లెక్క తేలని ఫాస్ఫేటు గురించే. నేనైతే ఇక్కడ ఆయన పేరు ఎత్తకపోతేనే తప్పంటాను.

సందేహాల_స్వామి
మంగళవారం, ఉదయం 8:31

సరే, ఈసారికి ఒప్పుకున్నా.

హ్యాంగింగ్_డ్రాప్
మంగళవారం, రాత్రి 10:30

కువెట్ గారి ప్రశ్న మంచిది. కానీ నీలం రంగుతో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, స్ఫటికంలో ఉన్నది చాలా తక్కువ సరుకు. రెండు, ఆ పద్ధతిలో వాడే ఆమ్లానికి ఏటీపీ కూడా కొంచెం కొంచెం విరుగుతుంది, అసలే తక్కువ సరుకున్నప్పుడు ఆ కాస్తా తేడా కొడుతుంది. పైగా నీలం రంగు "ఫాస్ఫేటు ఉంది" అని చెబుతుంది గానీ, ఎలా ఊడిందో చెప్పదు.

వాళ్ళు చేసింది ఇది. మామూలు నీళ్ళకి బదులు ఆక్సిజన్-18 ఉన్న బరువు నీళ్ళలో ప్రయోగం పెట్టారు. ఏటీపీని నీటి అణువు వచ్చి కొడితేనే అది విరుగుతుంది, కొట్టిన నీటిలోని ఆక్సిజన్ విరిగిన ముక్కకి అంటుకుంటుంది. ఆ ఆక్సిజన్ బరువుది అయితే ముక్క బరువు రెండు యూనిట్లు పెరుగుతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ దాన్ని ఇట్టే పట్టేస్తుంది. దాంతో విరిగిందా, ఊగుతోందా అన్న ప్రశ్న తీరిపోయింది. విరిగింది, నీటితోనే విరిగింది. అదీ చివరి ఫాస్ఫేటు దగ్గరే, ఏడీపీ దాకానే.

ఇక మీ సార్ ప్రశ్న, "దానంతటదే విరగొచ్చుగా?" దీనికి జవాబు ఇంకో రెండు స్ఫటికాల్లో ఉంది, సెమినార్‌కి గుండెకాయ అదే.

ఏటీపీని దండిగా పోసి, విరిగినది విరిగినా ఇంకా మిగిలేలా స్ఫటికాలు పెంచారు. 1.8 ఆంగ్‌స్ట్రాముల (ఆంగ్‌స్ట్రాము అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) స్పష్టత వచ్చింది. కార్బన్-కార్బన్ బంధం పొడవే ఒకటిన్నర ఆంగ్‌స్ట్రాము కాబట్టి, ఆ స్పష్టతకి ఒక్కో నీటి అణువూ విడిగా గుండ్రటి చుక్కలా కనబడుతుంది. ఈసారి గుంటలో ఏటీపీనే ఉంది. కానీ మామూలుగా ఉండాల్సినట్టు లేదు. ఎంజైముల్లో ఏటీపీ ఫాస్ఫేట్ల తోక చాచుకుని, మెగ్నీషియాన్ని వెంటబెట్టుకుని ఉంటుంది. ఇక్కడ లోహం సాయం లేదు, తోక వెనక్కి వంగి ఉంది, ఆ వంపుని నిలబెడుతూ మధ్యలో ఒకే ఒక్క నీటి అణువు వారధిలా కూర్చుంది.

తర్వాత ఆ నీటి పట్టు తెగిపోయేలా ప్రోటీన్లో మార్పు చేశారు. ఈ మార్చిన ప్రోటీన్ కూడా ఏటీపీని పట్టుకుంది. కానీ తోక తిన్నగా ఉంది. ఏటీపీ చెక్కుచెదరలేదు! దానంతటదే విరిగే సరుకైతే ఇక్కడా విరగాలి కదా. ఇదే చెప్పు.

పటమట_పిల్ల
మంగళవారం, రాత్రి 10:52

అయ్యో, ఇది పేపర్లో రెండుసార్లు చదివాను, ఆ రెండో స్ఫటికం ఎందుకు పెట్టారో ఇప్పుడు వెలిగింది. అన్నా, థాంక్స్.

అంటే ఇది ఎంజైమే అనొచ్చా?

హ్యాంగింగ్_డ్రాప్
మంగళవారం, రాత్రి 11:05

అనకు. మీ సార్ అక్కడే పట్టుకుంటారు. స్ఫటికం వాతావరణంలో ఈ చర్య వేగం పుంజుకుందని వాళ్ళే తేల్చారు. స్ఫటికంలో కదలిక తగ్గి ఏటీపీ ఆ వంపులోనే ఎక్కువసేపు ఇరుక్కుంటుందని నా ఊహ. గట్టిగా పట్టుకునే గుంట ఏర్పడితే, పట్టు బిగువుకే కొంచెం రసాయన చేవ పుట్టుకురావొచ్చు, తొలి ఎంజైములు అలా మొదలై ఉండొచ్చు అన్నది వాళ్ళ సూచన. "ఉండొచ్చు" అనే మాట స్లైడులో మర్చిపోవద్దు.

కొత్తపేట_మందులు
బుధవారం, ఉదయం 11:10

దీన్ని బతికున్న కణంలో పెడితే ఏమవుద్ది? ఏటీపీ అంటే కణానికి రొక్కం లాంటిది గదా. కొత్తగా ఎవడో వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చున్నట్టు.

పటమట_పిల్ల
బుధవారం, మధ్యాహ్నం 1:30

సరిగ్గా అదే జరిగిందండీ! ఇదే ప్రోటీన్‌ని ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేయించి చూశారు, అదీ 2009లోనే. కణంలో ఏటీపీ మట్టాలు తారుమారయ్యాయి, కణం రెండుగా విడిపోవడం ఆగిపోయింది. మీ గల్లాపెట్టె పోలిక నా స్లైడులో వాడుకుంటా, అభ్యంతరం లేకపోతే.

కొత్తపేట_మందులు
బుధవారం, మధ్యాహ్నం 1:34

వాడుకో తల్లీ. పేరు మాత్రం వెయ్యబాక.

కువెట్_కృష్ణలంక
బుధవారం, రాత్రి 8:40

ఇలాంటి పని మన దేశంలో చేసే వీలుందా? అన్నీ బోస్టన్, అమెరికా అంటుంటే అడుగుతున్నా.

హ్యాంగింగ్_డ్రాప్
బుధవారం, రాత్రి 10:15

స్ఫటికాలు పెంచడానికి ఫ్రిజ్జూ ఓపికా ఉంటే చాలు. బలమైన ఎక్స్‌రేలకి సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లని మహా వేగంగా తిప్పే యంత్రం) కావాలి. ఇండోర్‌లో ఇండస్-2 ఉంది, అందులో ప్రోటీన్ స్ఫటికాలకని ప్రత్యేకంగా ఒక బీమ్‌లైన్ పెట్టారు. అసలు ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగొచ్చు, ఏ కోణాల్లో వంగకూడదు అని 1963లో తేల్చింది మద్రాసులో రామచంద్రన్ గారి బృందం. ఇవాళ్టికీ ఏ దేశంలో ఎవరు కొత్త నిర్మాణం కట్టినా, కృత్రిమ ప్రోటీన్ అయినా సరే, ఆ పటం మీద పెట్టి చూడందే ఒప్పుకోరు. మనిషి చేసిన ప్రోటీన్‌కీ అణువులు ఢీకొట్టుకునే రూల్సు అవే కదా.

అమ్మాయీ, 2004 నిర్మాణం ప్రోటీన్ డేటా బ్యాంకులో 1యూడబ్ల్యూ1 అని కొడితే వస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు. ఫోన్లోనే తిప్పి చూడొచ్చు. బొమ్మలు పేపర్లోంచి కత్తిరించి అతికించకుండా నువ్వే తిప్పి చూపించు.

పటమట_పిల్ల
శుక్రవారం, సాయంత్రం 6:20

అయిపోయింది!

మొదటి పది నిమిషాలు ప్రొజెక్టర్ వెలగలేదు, బోర్డు మీద గీసుకుంటూ చెప్పాను. అదే మేలయిందేమో, వంగిన ఏటీపీని చాక్‌పీస్‌తో గీస్తుంటే వెనక బెంచీలవాళ్ళు కూడా తలెత్తారు. దానంతటదే విరగొచ్చుగా అని సార్ అడగలేదు. అన్నయ్య చెప్పినట్టు "ఊగుతోందేమో" అని అడిగారు! ఆక్సిజన్-18 చెప్పగానే తలూపి కూర్చున్నారు. ఫిస్కే-సుబ్బారావు మాట ఎత్తితే మాత్రం క్లాసంతా ఈల వేశారు.

ఒక ప్రశ్నకి నీళ్ళు నమిలాను. "ఏటీపీ కోసం ఏరితే జింకు ఎందుకొచ్చింది? దాన్ని ఎవరు వేశారు?" అని ఒక మేడమ్ అడిగారు.

వచ్చేటప్పుడు బస్సులో ఫోన్లో 1యూడబ్ల్యూ1 తిప్పి చూస్తుంటే పక్క సీటు పిన్నిగారు తొంగిచూసి, "ఏంటమ్మా, జంతికలా?" అన్నారు.

హ్యాంగింగ్_డ్రాప్
శుక్రవారం, రాత్రి 9:05

శభాష్. జింకుని ఎవరూ వేయనక్కర్లేదు. కణాల్లో, కణసారాల్లో, మనం వాడే ద్రావణాల్లో దాని జాడలు ఎప్పుడూ ఉంటాయి. ఏటీపీ గుంట నిలబడాలంటే ముందు గొలుసు మడత పడి నిలబడాలి. 80 అమైనో ఆమ్లాల బుల్లి గొలుసుకి లోపల నీటికి దూరంగా దాక్కునే జిడ్డు గుండె పెద్దగా ఉండదు, నాలుగు సిస్టీన్లతో ఒక జింకుని పట్టుకుంటే పందిరి గుంజకి కట్టేసినట్టు గట్టిపడుతుంది. ఏరింది ఏటీపీ పట్టునే అయినా, ఆ పట్టుకి ఏది సాయపడితే అది దాంతోపాటు గెలుస్తుంది. అయినా ఆ మొదటి ప్రోటీన్ అంత దృఢమైనదేం కాదు. తర్వాత మడతని విప్పేసే గ్వానిడిన్ కలిపి, దాన్ని తట్టుకున్నవాటిని మళ్ళీ ఏరి బలపరచాల్సి వచ్చింది. మేడమ్‌ని కలిసి చెప్పు, ఇంకా సమయం మించిపోలేదు.

బ్రాడీపేట_మాస్టారు
శుక్రవారం, రాత్రి 9:40

అమ్మాయ్, నేనూ మా మనవడి చేత ఆ నంబరు కొట్టించి చూశాను. హెలిక్సులు జంతికలే, ఆ పిన్నిగారు సరిగ్గానే చెప్పారు. బీటా పలక మాత్రం రిబ్బన్ పకోడీ.